జొన్నకూడు – పెలాగ్రా – మానసికారోగ్యం: రాయికోడ్ ప్రాంతం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా జీవించిన పేదకుటుంబాలను ఇరవయ్యో శతాబ్దంలో పీడించిన వ్యాధి పెలాగ్రా. చర్మాన్ని, జీర్ణవ్యవస్థను, మెదడును ఒకేసారి దెబ్బతీసే ఈ వ్యాధిపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1960 నుండి చేసిన పరిశోధనలు ఆహారానికీ మనస్సుకూ గల సంబంధాన్ని ప్రయోగాత్మకంగా చూపాయి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని రాయికోడ్ వంటి జొన్నసీమల ఆహారచరిత్రతో ఈ పరిశోధనలను కలిపి చదవడం, నేటి మనోవైద్య, మెదడు పరిశోధనల వెలుగులో వాటిని పునర్మూల్యాంకనం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జొన్న, పెలాగ్రా, నియాసిన్, ట్రిప్టోఫాన్, ల్యూసిన్, సెరటోనిన్, జాతీయ పోషకాహార సంస్థ, రాయికోడ్, జహీరాబాద్.

1. ఉపోద్ఘాతం

మనోవ్యాధుల చరిత్రను సాధారణంగా ఆసుపత్రుల చరిత్రగా, చట్టాల చరిత్రగా, మందుల చరిత్రగా రాస్తారు. వంటింటి వైపునుండి రాసిన చరిత్ర తక్కువ. అయితే మనోవ్యాధికి కారణాన్ని స్పష్టంగా కనుగొని, దానిని పూర్తిగా నయం చేయగలిగిన తొలి సందర్భాలలో ఒకటి కంచంలోనే బయటపడింది. మతి చలించినవారిగా ముద్రపడి చికిత్సాలయాలకు చేరిన కొందరు, ఒక విటమిన్ అందగానే కొద్దిరోజులలో తేరుకోవడం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ వ్యాధి పెలాగ్రా, ఆ విటమిన్ నియాసిన్.

ఐరోపా, అమెరికాలలో పెలాగ్రా మొక్కజొన్న తినే పేదల వ్యాధి. తెలంగాణలో అది జొన్న తినే పేదల వ్యాధి. ఈ భేదమే హైదరాబాదు పరిశోధనలకు మూలమైన ప్రశ్నను అందించింది.

2. రాయికోడ్ – జొన్నసీమ

రాయికోడ్ ఒకనాటి మెదక్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ రెవెన్యూ డివిజన్‌లో ఉన్న మండలకేంద్రమిది. మంజీరా పరీవాహక ప్రాంతానికి చెందిన ఈ సీమ కర్ణాటక సరిహద్దుకు, బీదరుకు దగ్గరిది. హైదరాబాదు రాజ్యకాలంలో జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లాలో భాగాలు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో అవి మెదక్ జిల్లాలో కలిశాయి. పాలన ఎన్ని మార్లు మారినా నేల మారలేదు. వానపై ఆధారపడిన నల్లరేగడి, ఎర్రనేలల్లో జొన్న, కంది, పెసర, శనగ ఇక్కడి సంప్రదాయ పంటలు. జొన్నరొట్టె, జొన్నగటక, అంబలి నిత్యాహారం. వరి అన్నం పండుగనాటి వంట.

తెలుగు సాహిత్యంలో జొన్న స్థానం ఆహారభేదం వెనుక ఉన్న వర్గభేదాన్ని సూచిస్తుంది. శ్రీనాథునికి ఆపాదించిన చాటువులలో పల్నాటి జొన్నకూడు వరి తినేవాని ఎత్తిపొడుపుగా కనిపిస్తుంది. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డి ఆహారాన్ని సాంఘికచరిత్రకు ఆధారంగా స్వీకరించి, ఇటువంటి చాటువులను సాక్ష్యాలుగా వినియోగించారు. ఏ ధాన్యం తింటారన్నదాన్ని బట్టి మనిషి అంతస్తును నిర్ణయించే ఈ దృష్టి సాహిత్యానికే పరిమితం కాలేదు. అది వైద్యచరిత్రలోకి ఎలా ప్రవేశించిందో తరువాతి భాగాలలో చూడవచ్చు.

3. పెలాగ్రా: ప్రపంచచరిత్ర

1735లో స్పెయిన్ దేశపు అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పార్ కాసల్ అనే వైద్యుడు ఈ వ్యాధిని తొలిసారి వర్ణించాడు. మెడ చుట్టూ హారంలా ఏర్పడే చర్మవికారాన్ని నేటికీ వైద్యులు ‘కాసల్ హారం’ అంటారు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాపోలీ రాసిన గ్రంథం ద్వారా ‘పెలాగ్రా’ అన్న పేరు స్థిరపడింది. గరుకుచర్మం అని దాని అర్థం. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు ఊడడం, విరేచనాలు, మతిభ్రమణం దీని మూడు ముఖ్యలక్షణాలు. చికిత్స లేకపోతే మరణమే.

అమెరికా దక్షిణరాష్ట్రాలలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు దానిని అంటురోగమని చాలామంది నమ్మారు. 1914లో ఈ సమస్యను చేపట్టిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒక విషయం గమనించాడు. అనాథాశ్రమాలలో, మానసిక చికిత్సాలయాలలో ఉన్నవారికి వ్యాధి వస్తున్నది, అక్కడే పనిచేసే సిబ్బందికి రావడం లేదు. అంటురోగమైతే ఆ తేడా ఉండదు. తేడా ఉన్నది భోజనంలోనే. పాలు, మాంసం, పప్పులు చేర్చగానే వ్యాధి తగ్గింది. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ కుక్కలలో దీనికి సమానమైన ‘నల్లనాలుక’ వ్యాధిని నికోటినిక్ ఆమ్లంతో నయం చేశాడు. ఈ ఆమ్లానికే నియాసిన్ అని మరోపేరు. మరుసటి ఏడాదికే అది రోగుల చికిత్సలోకి వచ్చింది, మానసిక లక్షణాలు మిగతా లక్షణాల కంటే వేగంగా తగ్గడం వెల్లడైంది.

మొక్కజొన్న ఎందుకు దోషి అయింది? దానిలోని నియాసిన్ శరీరానికి అందని రూపంలో బంధితమై ఉంటుంది. శరీరం నియాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా దానిలో తక్కువ. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారవుతుంది. మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మధ్య అమెరికాలో ప్రజలు దానిని సున్నపునీటిలో ఉడికించి వాడేవారు. ఆ పద్ధతి బంధిత నియాసిన్‌ను విడుదల చేస్తుంది. ఐరోపా ధాన్యాన్ని తీసుకుపోయింది గానీ దానిని వండే విజ్ఞానాన్ని తీసుకుపోలేదు.

4. హైదరాబాదు పరిశోధనలు

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి పరిశోధనగా మొదలైన సంస్థ 1928లో పోషకాహార పరిశోధనశాలగా విస్తరించింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఈ తరలింపు ఫలితంగా పరిశోధకులు నేరుగా జొన్నసీమ ముంగిటికి వచ్చారు. ఇక్కడి ఆసుపత్రులలో కనిపించిన పెలాగ్రా రోగులు ప్రధానంగా జొన్న తినే కూలీ, రైతు కుటుంబాలవారు.

చిక్కుప్రశ్న ఇక్కడే ఎదురైంది. మొక్కజొన్నతో పోలిస్తే జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మొక్కజొన్నకు చెప్పిన కారణం జొన్నకు పూర్తిగా సరిపోదు. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్’ పత్రికలో ఒక కొత్త ప్రతిపాదన చేశారు. జొన్నలోనూ మొక్కజొన్నలోనూ ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికం. ఈ ఆధిక్యం ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల వినియోగాన్ని దెబ్బతీస్తుందని వారి వాదన. లోపం ఒక పోషకం లేకపోవడంలోనే గాక, పోషకాల మధ్య సమతౌల్యం చెడడంలోనూ ఉండవచ్చునన్న ఆలోచన ఆనాటి పోషకాహారశాస్త్రంలో కొత్తది.

మనోవైద్యచరిత్ర దృష్ట్యా ఇంకా ముఖ్యమైనది తరువాతి దశ. పెలాగ్రా రోగులలో విచారం, చిరాకు, నిద్రలేమి, మతిమరుపు వంటి లక్షణాలను పరిశోధకులు నమోదు చేశారు. 1968లో శ్రీకంఠయ్య, కమలా కృష్ణస్వామి తదితరులు ఈ రోగుల మెదడు విద్యుత్తరంగాలను ఈఈజీ ద్వారా పరిశీలించి ప్రచురించారు. తరంగాలు మందగించడం, చికిత్సతో అవి మెరుగుపడడం గమనించారు. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం పెలాగ్రా రోగుల చర్మంపైనా ఈఈజీపైనా చూపే మేలును ‘లాన్సెట్’లోనే ప్రకటించారు. రోగుల రక్తఫలకికలలోని సెరటోనిన్‌ను కూడా ఈ సంస్థ అధ్యయనం చేసింది. ‘దిగులు’ అనే అనుభవం, ‘మందగించిన తరంగం’ అనే కొలత, ‘జొన్నకూడు’ అనే జీవనస్థితి ఒకే పరిశోధనలో కలిసిన సందర్భమిది.

5. సిద్ధాంతంపై వివాదం

ల్యూసిన్ సిద్ధాంతం నిర్వివాదంగా నిలవలేదు. 1970ల చివరినుండి ఇతరదేశాల ప్రయోగశాలలలో జంతువులపై జరిగిన కొన్ని అధ్యయనాలు దానిని ధ్రువీకరించలేకపోయాయి. ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే మార్గంలో విటమిన్ బి6 పాత్ర కూడా కీలకమని తేలడంతో, వ్యాధికి ఒకే కారణాన్ని చెప్పడం కష్టమైంది. జొన్న పెలాగ్రాకు సహకరించే కారణమే తప్ప ఏకైక కారణం కాదన్నది ఈ చర్చనుండి తేలే సమంజసమైన నిర్ణయం.

సామాజికదృష్టితో చూసినా ఇదే నిర్ణయం బలపడుతుంది. జొన్నతోపాటే కంది, పెసర, శనగ పండే నేలలో పప్పు తినలేని కుటుంబానికి వ్యాధి ఎందుకు వస్తుంది? పప్పుధాన్యం అమ్మకానికి పోయి, పాలు ఇల్లు దాటిపోయి, గటకా కారమే మిగిలిన ఇంటిలో జొన్న ఒంటరిదవుతుంది. జొన్నలో ఉన్న కొరతను పూరించే తోడు కంచంలో లేకపోవడమే అసలు లోపం. గోల్డ్‌బెర్గర్ అమెరికా పత్తిసీమలో చూసిందీ ఇదే. పెలాగ్రా ధాన్యం పేరుతో వచ్చిన దారిద్ర్యవ్యాధి.

6. జొన్న తగ్గిన కాలం, తిరిగివచ్చిన కాలం

1983లో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. పేదల కంచంలోకి వరి ప్రవేశించింది. కాలక్రమంలో జొన్న వినియోగం, సాగు తగ్గాయి. మెట్టనేలలను పత్తి ఆక్రమించింది. ఆహారంలో కొంత వైవిధ్యం కూడా పెరిగింది. ఈ మార్పుల నడుమ పెలాగ్రా అరుదైపోయింది.

అదే 1983లో జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆవిర్భవించింది. పి.వి. సతీష్ తదితరులు ప్రారంభించిన ఈ సంస్థ, దళిత మహిళా సంఘాల ద్వారా బీళ్లను సాగులోకి తెచ్చి, జొన్నను చౌకధాన్యంగా గ్రామంలోనే పంచుకునే ప్రత్యామ్నాయ వ్యవస్థను నిర్మించింది. ఒకే చేనిలో అనేక పంటలు కలిపివేసే సంప్రదాయాన్ని, పాతపంటల జాతర ద్వారా విత్తనజ్ఞానాన్ని నిలబెట్టింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం ఈ సంస్థకు లభించింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా పాటించింది. ఒకప్పుడు రోగకారకమన్న అనుమానానికి గురైన ధాన్యం నేడు ఆరోగ్యచిహ్నమైంది.

ఈ రెండు చిత్రాలలో ఏది సత్యం? హైదరాబాదు పరిశోధనలను పక్కనపెట్టి జొన్నను సర్వరోగనివారిణిగా కీర్తించడం ఎంత అసంపూర్ణమో, జొన్ననే దోషిగా నిలబెట్టడం అంత అసంపూర్ణం. కలిపిపంట ఇచ్చే పప్పులు, నూనెగింజలు, ఆకుకూరలతో కూడిన జొన్న వేరు, లేమిలో ఒంటరిగా మిగిలిన జొన్న వేరు. మెట్టరైతు చేనులో పాటించిన వైవిధ్యాన్ని కంచానికీ చేర్చగలిగినప్పుడే ఆ ధాన్యం మేలు చేస్తుంది.

7. నేటి మెదడు పరిశోధనలతో అనుసంధానం

ట్రిప్టోఫాన్‌కు శరీరంలో రెండు ముఖ్యమార్గాలున్నాయి. ఒకటి సెరటోనిన్ తయారీకి, రెండవది కైనురెనిన్ మీదుగా నియాసిన్ సంబంధిత సహకారకాల తయారీకి దారితీస్తుంది. ఈ రెండవ మార్గంలో ఏర్పడే క్వినోలినిక్ ఆమ్లం నాడీకణాలను ఉత్తేజపరచి హాని చేయగలదని 1980లలో తేలింది. స్కిజోఫ్రీనియా రోగుల మెదడు-వెన్నుద్రవంలో కైనురెనిక్ ఆమ్లం అధికమని 2001లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. వ్యాకులతలోనూ ఈ మార్గాన్ని నేడు విస్తృతంగా పరిశీలిస్తున్నారు. 1970ల ఆరంభంలో ఫెర్న్‌స్ట్రామ్, వుర్ట్‌మన్ చేసిన పరిశోధనలు, మెదడులోకి ప్రవేశించడానికి ట్రిప్టోఫాన్ ల్యూసిన్ వంటి అమైనో ఆమ్లాలతో పోటీపడుతుందని చూపాయి. హైదరాబాదు పరిశోధకులు జొన్న ద్వారా అడిగిన ప్రశ్న ఈ విధంగా మెదడు రసాయనశాస్త్రపు ప్రధానప్రశ్నలలో ఒకటైంది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. పెలాగ్రా విజయం చూసి 1950లలో హాఫర్, ఆస్మండ్ స్కిజోఫ్రీనియాకు నియాసిన్‌ను అధికమోతాదులో సూచించారు. 1973లో అమెరికా మనోవైద్యసంఘం నియమించిన బృందం ఆ వాదనకు తగిన ఆధారాలు లేవని తేల్చింది. లోపం ఉన్నచోట అద్భుతంగా పనిచేసిన విటమిన్, లోపం లేనిచోట మందు కాదు. 2017లో ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా బృందం 67 మంది వ్యాకులతాపీడితులపై 12 వారాలు జరిపిన ప్రయోగంలో, ఆహారాన్ని మెరుగుపరచినవారిలో 32 శాతం, సామాజిక తోడ్పాటు మాత్రమే పొందినవారిలో 8 శాతం మంది కోలుకున్నారు. ఫలితం ఆశాజనకమే. కాని సంఖ్య చిన్నది. ఆహారం చికిత్సకు తోడు, చికిత్సకు బదులు కాదు.

పెలాగ్రా పూర్తిగా గతించలేదు. దీర్ఘకాలం మద్యం సేవించేవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడే పోషణలోపులలో అది నేటికీ కనిపించవచ్చు. నిమ్‌హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసికారోగ్య సర్వే పెద్దలలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని, వ్యాధినిబట్టి 70 నుండి 92 శాతం వరకు చికిత్స అందడం లేదని వెల్లడించింది. ఇట్టి స్థితిలో గ్రామీణ రోగి ‘గాలి సోకింది’ అన్న మాటతో భూతవైద్యుని వద్దకో, ‘మనోవ్యాధి’ అన్న మాటతో నిద్రమాత్రల వద్దకో చేరినప్పుడు, అతని చేతుల చర్మాన్నీ కంచాన్నీ చూసేవారు లేకపోతే నయమయ్యే వ్యాధి ప్రాణాంతకం అవుతుంది.

8. ఉపసంహారం

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. పెలాగ్రా చరిత్ర మనోవ్యాధికి శారీరక, ఆర్థిక కారణాలు కూడా ఉండగలవని నిరూపించిన చరిత్ర.

2. 1960–71 మధ్య హైదరాబాదులో జరిగిన పరిశోధనలు తెలంగాణ పేదల ఆహారాన్ని ప్రపంచ మెదడు పరిశోధనలతో అనుసంధానించాయి. ల్యూసిన్ సిద్ధాంతం వివాదాస్పదమైనా, అది లేవనెత్తిన ప్రశ్న నేటికీ సజీవం.

3. జొన్నను దోషిగానో ఔషధంగానో చూడడం కంటే, అది ఏ తోడుతో, ఎవరి కంచంలో, ఏ ఆర్థికస్థితిలో ఉన్నదన్నది ముఖ్యం.

4. రాయికోడ్ వంటి మండలాలలో మానసికారోగ్యసేవలు విస్తరించేటప్పుడు, రోగిని అడిగే ప్రశ్నలలో ‘నిద్ర పడుతున్నదా?’ అన్నదాని పక్కన ‘ఏమి తింటున్నారు?’ అన్నది కూడా చేరాలి. ఆ చిన్నప్రశ్నకు మూడు శతాబ్దాల వైద్యచరిత్ర బలంగా నిలుస్తుంది.