పటేలు చూపు, సంఘం చూపు: పస్తాపూర్ మహిళల వీడియో పరిభాష

వృత్తిపదాల సేకరణ తెలుగు పరిశోధనకు కొత్త కాదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం 1962లో వెలువడింది. అది తరతరాలుగా వాడుకలో ఉన్న పదాల కోశం. కొత్త యంత్రం చేతికందినప్పుడు సేద్యం చేసే స్త్రీలు దానికి ఎటువంటి పదాలు కల్పించుకుంటారన్నది వేరే ప్రశ్న. నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళల వీడియో చరిత్రలో దానికి సమాధానం ఉంది.

పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడింది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగంతోనూ ఆయనకు సంబంధం ఉంది. ఆ ప్రయోగంలో పల్లె ప్రేక్షకస్థానంలోనే ఉండిపోయింది. 1990ల ద్వితీయార్థంలో సంఘం స్త్రీలు కెమెరా నేర్చుకోవడంతో ఆ స్థానం మారింది. వారిలో చాలామంది బడి ముఖం చూడనివారు.

శిక్షణలో వారు షాట్లకు తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాట్. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి సమానంగా నిలిచేది సంఘం షాట్. పాఠ్యగ్రంథాల ‘హై యాంగిల్’ కెమెరా ఉన్న ఎత్తును మాత్రమే తెలుపుతుంది. దానిని ‘ఉన్నత కోణం’గా అనువదించినా అంతే. ‘పటేలు’ అన్న మాట చూసేది ఎవరో చెబుతుంది. ‘షాట్’ను ఉన్నదున్నట్టు ఉంచుకోవడంలో వారికి సంకోచం లేదు, ఆ సంకోచం పరిభాషా సంఘాలది.

1960ల చివర న్యూయార్క్‌లో చేతి వీడియో కెమెరా పట్టిన కళాకారులకూ బస్తీ బృందాలకూ ఎదుటి పక్షం టెలివిజన్ సంస్థలు. ఇక్కడ ఎదుటి పక్షం పటేలు, అక్షరం కూడా. అక్షరాస్యతకు వీడియో ప్రత్యామ్నాయం కాగలదా అని సతీష్ ప్రశ్నించారు. పూర్తిగా కాలేదనే చెప్పాలి: వారి చిత్రాలు దేశాంతరాలకు చేరడానికి ఆంగ్ల ఉపశీర్షికలు అవసరమయ్యాయి. కానీ సాక్ష్యం నమోదు చేయడానికి అక్షరం అడ్డు కాలేదు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, ఈ స్త్రీలు వరంగల్ సన్నకారు రైతుల అనుభవాన్ని చిత్రీకరించి 2003లో వెలువరించారు. ప్రశ్న అడిగేవారూ, జవాబు చెప్పేవారూ సేద్యం తెలిసినవారే.

సతీష్ 2023లో మరణించారు. ఈ పదాలు బయటి పాఠకులకు ప్రధానంగా ఆంగ్ల రచనల ద్వారా చేరాయి. వృత్తిపదకోశంలోకి చేర్చాలంటే మాత్రం వాటిని ఆ స్త్రీల ఉచ్చారణతో, వారి వాక్యాలలోనే నమోదు చేయవలసి ఉంటుంది.