ధాత కరువు, ఒక కాలువ, ఒక నవల

హైదరాబాద్ అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల మెటీరియల్ ఏది తెరిచినా ధాత కరువు రెండు బిట్లకు మించి ఉండదు. 1876-78 మహాకరువు నాటి వైస్రాయ్ ఎవరు? లిట్టన్. 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషన్ ఎవరిది? స్ట్రాచీది. పిల్లలు బట్టీ పట్టి పేజీ తిప్పేస్తారు. అది ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన పెద్దలు ధాత కరువన్నారు. 2026తో దానికి 150 ఏళ్లు. ఈ సందర్భంలో నాకు వైస్రాయ్ కంటే ముందు గుర్తొచ్చేది శివయ్య, శశిరేఖ అనే జంట. జి. కల్యాణరావు 2000లో ప్రచురించిన ‘అంటరాని వసంతం’ నవలలో మనుషులు వాళ్లు.

తెలుగు నేలకు కరువు కొత్త కాదు. అయితే మన శాసనాలు రాజులిచ్చిన దానాలు చెక్కినంత శ్రద్ధగా రైతు ఆకలిని చెక్కలేదు. అందువల్ల ఆ ఆకలి జాడ దొరకాలంటే శతాబ్దాలు దాటుకుంటూ రావాలి. 1791-92లో దక్కన్‌ను ఊడ్చేసిన కరువును పుర్రెల కరువన్నారు, శవాలను పూడ్చే దిక్కు లేక పుర్రెలు బయటే పడి ఉన్నందుకు. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ దాదాపు అయిదు లక్షల జనంలో రెండు లక్షల మందిని పోగొట్టుకుందని అంచనా. తర్వాత ఇంజనీరు ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట నిలిచింది, వెనకే కృష్ణ మీద ఇంకొకటి. డెల్టా పచ్చబడింది. ఒంగోలు, నెల్లూరు మెట్టలు, రాయలసీమ మాత్రం మబ్బుకేసి చూస్తూనే ఉండిపోయాయి.

1876లో ఆ మబ్బు కురవలేదు. 1877 జనవరి 1న లిట్టన్ ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిపాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ దొర మద్రాసు వచ్చి కరువు కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్ది డబ్బులు చాలని తేల్చాడు. పౌనంటే అరకిలోకు తక్కువ. రోజంతా మట్టి మోసే మనిషికి అది ఏ మూలకని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగానే ఎదిరించాడు. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది పోయారని అంచనా.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఉత్తరంగా సముద్రం పొడుగునా సాగే కాలువను కరువు పనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువైంది. తవ్వకం జరుగుతోందన్న కబురు ఎండిన ఊళ్లకు పాకింది. నవలలో ఎన్నెలదిన్ని మాలపల్లె నుంచి శివయ్య, శశిరేఖ ఆ కబురు పట్టుకుని బయల్దేరారు. తెలుగు నవలల్లో నేను ఎక్కువసార్లు తిరిగి చదివిన పుటలు ఇవే. దారి పొడుగునా ఆకలి ఉంది, చావు ఉంది. అయినా కాలువ దగ్గరికి చేరితే బతుకుతామన్న ఆశే వాళ్లను నడిపించింది. తీరా చేరాక వాళ్లకు ఎదురైంది పని కాదు, తరిమివేత. తవ్వేవాళ్లూ ఆకలిగొన్నవాళ్లే. తట్ట అందుకునే చెయ్యి ఏ కులందో తెలిశాక మాత్రం ఆ ఆకలి పక్కకు తప్పుకుంది.

మట్టి పనిలో ఇది ఎంత దగ్గరి సంగతో చూడండి. గోతిలో ఒకరు పలుగుతో పొడుస్తారు, ఒకరు పారతో తట్ట నింపుతారు, ఇంకొకరు ఎత్తి నెత్తిన పెడతారు. చుట్టకుదురు మీద బరువుతో ఆడవాళ్లు వరసగా గట్టెక్కి, మట్టి కుమ్మరించి దిగుతారు. చేతికి చెయ్యి తగలకుండా ఈ పని సాగదు. ఆ తగలడాన్నే కాలువ తవ్వేవాళ్లు సహించలేకపోయారు.

ఇది కల్యాణరావు కల్పన మాత్రమే కాదు. ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866 నుంచి పనిచేస్తున్నాడు. మాదిగ కూలీలను పనుల దగ్గర తిట్టి కొడుతున్నారని విని, ఆయన సర్కారును అడిగి మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. యవ్వనంలో మిన్నెసోటాలో భూముల సర్వే బృందంతో తిరిగినవాడు కాబట్టి కొలతలు ఆయనకు కొత్త కావు. దళిత బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కరువు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇక సాయంగా ఇచ్చేందుకు డబ్బు లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. గింజల కోసం మతం మారారని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. వాళ్లు కోరుకున్నది తమను మనిషిగా లెక్కపెట్టే చోటు.

స్టెయిన్‌బెక్ 1939లో ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ రాశాడు. ఓక్లహోమాలో భూమి పోయిన జోడ్ కుటుంబం పాత లారీలో కాలిఫోర్నియాకు వలసపోయే కథ అది. దారి పక్కన రాత్రి గుడారాలు వేసుకున్న ఇరవై కుటుంబాలు ఒకే కుటుంబమైపోతాయని అందులో ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా ఆ చోట గుండె నిండుతుంది. అయితే శివయ్య, శశిరేఖలకు అలాంటి రాత్రి దొరకలేదు. వలస దారి అందరినీ ఒక్కటి చేస్తుందన్న నమ్మకం మన నేల మీద నిలబడలేదు. ఊళ్లో ఉన్న కులం గీత వాళ్ల వెంట కాలువ గట్టుదాకా వచ్చింది.

ఇక్కడి నుంచి కథ ఒకే దారిన సాగదు. నవల తర్వాతి తరాల వెంట రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీల మీదుగా విప్లవోద్యమం దాకా వెళ్తుంది. కాలువ తుపాన్ల దెబ్బకు పూడిపోతూ వచ్చింది. ఇటు తెలంగాణలో పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడ డ్యామ్ కడితే అక్కడికి పలుగూ పారా పట్టుకుని పోయారు. వాళ్ల మనవలు ఇప్పుడు పుస్తకాల సంచీతో అశోక్ నగర్ బస్సు దిగుతున్నారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకాలంటే తెల్లారేసరికి వరసలో ఉండాలి. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం కోసం ఇంకో వరస. నారాయణగూడ దాకా సందుసందునా హాస్టళ్లు, టు-లెట్ బోర్డులు. గది చూపించే ముందు ‘మీరేమోళ్లు?’ అని అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ప్రశ్నపత్రాల లీకుతో గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి, హైకోర్టు తీర్పుతో 2023లో రెండోసారి రద్దయ్యాయి. రిజర్వేషన్ వర్గాలకు అన్యాయం జరుగుతుందంటూ 2024 అక్టోబరులో గ్రూప్-1 ఎంపిక నిబంధన మార్చిన జీవో 29కి వ్యతిరేకంగా అభ్యర్థులు అశోక్ నగర్ రోడ్డెక్కారు. అప్పుడు టీవీలో ఆ పిల్లల ముఖాలు చూస్తూ నేను కాలువ గట్టు గురించే ఆలోచించాను. వాళ్లలో ఎంతమంది తాతముత్తాతలు ఆ మట్టి మోశారో ఏ రిజిస్టరూ రాసుకోలేదు.

శివయ్య తండ్రి ఎల్లన్న ఆ నవలలో పాటలు కట్టేవాడు, ఉరుముల నృత్యం నేర్చినవాడు. లైబ్రరీకి దగ్గర్లోనే త్యాగరాయ గానసభ ఉంది. ధాత కరువు 150వ ఏట ఒక సాయంత్రం ఆ వేదిక మీద ఉరుముల వాద్యం మోగాలని, మెటీరియల్ చదివే పిల్లలు ముందు వరసల్లో కూర్చోవాలని నా కోరిక. నిర్వాహకులెవరైనా పూనుకుంటే పుస్తకం పట్టుకుని నేనూ వస్తాను.