ఆదోని సీమలో వాన లెక్క

నైరుతి ఋతుపవనాలు తమ తేమలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి, తుంగభద్రకు దక్షిణాన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆలూరు ప్రాంతాలకు చేరేసరికి పలచబడిపోతాయి గనుక, కనుమల చాటున పడిన ఈ వర్షచ్ఛాయా ప్రాంతంలో సేద్యమంతా ఏ వాన ఎప్పుడు పడుతుందన్న లెక్క మీదే నిలిచింది. తొలకరికి వేసే ముంగారి పైరు, సెప్టెంబరు, అక్టోబరు వానల పదునులో వేసే హింగారి పైరు అని రైతులు ఏడాదిని రెండుగా విభజించుకొని, ఎర్రనేలల్లో కొర్రను, నల్లరేగడిలో పత్తిని, జొన్నను, శనగను కార్తెల ప్రకారం విత్తుకున్నారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. నక్షత్రమానాన్ని అనుసరించే ఈ గణన ఋతువుల నుంచి సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు మాత్రమే జరుగుతుంది గనుక, మృగశిరలో రావలసిన వాన పునర్వసు దాకా రాకపోతే ఆ తప్పును పంచాంగం మీద మోపడానికి వీలులేదు.

ఈ లెక్క ఘోరంగా తప్పిన సంవత్సరం 1876. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ విఫలమై బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. అది ధాత నామ సంవత్సరం గనుక జనం దానిని ధాత కరువన్నారు. మద్రాసు నుంచి రాయచూరు వెళ్ళే రైలుమార్గం 1871 నాటికే ఆదోని మీదుగా పూర్తయినందువల్ల ధాన్యం తీసుకురావడానికి దారి ఉంది, కాని పెరిగిన ధరకు దానిని కొనగల శక్తి కూలీలకు లేదు. తిండిగింజలు ప్రియమైనప్పుడు బట్ట కొనేవారు ఉండరు కనుక, పొలం లేని నేతపనివారు కూడా రైతులతో పాటే వీధిన పడ్డారు. కరువు పనులలో రాళ్ళు కొట్టే పెద్దవారికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని 1877లో భారత ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించగా, అది మనిషి ప్రాణం నిలబెట్టే తిండి కాదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని కోల్పోయింది. వాన కురవకపోవడం ప్రకృతి వల్ల జరిగింది. అంతమంది చావడంలో పాలకుల లెక్కకు పెద్ద భాగమే ఉంది.

కరువులు, తుపానుల తాకిడికే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచుకు, మరుసటి వానాకాలానికి సంబంధం ఉందని 1884లో ప్రతిపాదించాడు. 1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద వాయుపీడనం తక్కెడ సిబ్బెల్లా ఒకచోట పెరిగితే మరోచోట తగ్గుతుందని గణించి చూపాడు. తూర్పు, మధ్య పసిఫిక్ నీరు మామూలు కంటే వేడెక్కే స్థితిని ఎల్‌నినో అంటారు. అది వచ్చిన అనేక సంవత్సరాలలో భారత ఋతుపవనం బలహీనపడింది. ధాత కరువు కొనసాగిన 1877 నాటి ఎల్‌నినో చరిత్రకు తెలిసిన అతి బలమైన వాటిలో ఒకటి. అందుచేత ధాత కరువును నేటి వాతావరణ మార్పుకు సాక్ష్యంగా చూపడం ఎంత పొరపాటో, కరువులు పూర్వమూ ఉన్నాయి కదా అని ఆ మార్పునే కొట్టిపారేయడమూ అంతే పొరపాటు.

వాతావరణ మార్పుకు రుజువులు మరోచోట ఉన్నాయి. భూమి నుంచి పైకి పోయే వేడిని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, పట్టి ఉంచుతుందని 1859లో శాస్త్రవేత్త టిండాల్ తన ప్రయోగశాలలో కొలిచాడు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పదిలక్షల అణువులకు సుమారు 280 ఉన్న ఈ వాయువు, హవాయిలో శాస్త్రవేత్త కీలింగ్ 1958లో కొలత మొదలుపెట్టేనాటికి 315కు, ఇప్పుడు 420కి పైగా చేరింది. కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో, చమురులో రేడియోధార్మిక కార్బన్ మిగిలి ఉండదు. గాలిలో దాని పాలు పలచబడుతూ వచ్చిన తీరు ఈ అదనపు వాయువు ఎక్కడిదో తేల్చిచెబుతుంది. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కాని కింది పొర వేడెక్కుతుండగా పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. 1850–1900 కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. ఒక్కో డిగ్రీకి గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు గనుక, వానలు ఒక్కసారిగా కుమ్మరించే అవకాశం పెరగడమే కాక, వానకూ వానకూ నడుమ నేల మరింత త్వరగా పదును కోల్పోతుంది.

ఈ సీమ కరువు భారాన్ని సహకార సంఘం, కాలువలు కొంత తగ్గించాయి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో స్థాపించిన చేనేత సహకార సంఘం నేతగాళ్ళకు ఒక ఆసరా కాగా, 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం దిగువ కాలువ ద్వారా కొన్ని పొలాలను తడిపింది. అయితే సుమారు 133 టీఎంసీలుగా ఉండిన ఆ జలాశయ సామర్థ్యం పూడిక వల్ల 105 టీఎంసీలకు పడిపోయింది. కాలువ అందని ఊళ్ళ నుంచి కుటుంబాలు నేటికీ గుంటూరు మిరప కోతలకు సుగ్గి, అనగా వలస, పోతున్నాయి. 2009లో దేశమంతటా ఋతుపవన వర్షం 20 శాతానికి మించి తగ్గగా, ఆ సీజన్ ముగిసీ ముగియకముందే అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచింది. ఒక్క వరదతో ఏదీ రుజువు కాదు. అందుకు దశాబ్దాల తరబడి ఒకేచోట, ఒకే పద్ధతిలో కొలిచిన లెక్కలు కావాలి.

అటువంటి లెక్కలు ఈ సీమకు ఉన్నాయి. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తేనే దానిని వానరోజుగా లెక్కించే వాతావరణ శాఖ నియమం ప్రకారం చూస్తే, మొత్తం వానతో పాటు వానరోజుల సంఖ్య ఎలా మారిందో కూడా తెలుస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండినందువల్ల పాత లెక్కలు బళ్ళారి పేరిట, తరువాతివి కర్నూలు పేరిట ఉన్నాయి. భూమి శిస్తు దస్త్రాలకు ఇచ్చిన శ్రద్ధనే చరిత్రకారులు, వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ వాన లెక్కలకూ ఇచ్చి, రెండు జిల్లాల పుటలను ఒకచోట చేర్చి, ఎమ్మిగనూరు, ఆదోని రైతుల చేతికి అందేలా తెలుగులో అచ్చువేయవలసి ఉంది.