పాత ఇంగ్లీషు వీలునామాలలోని పుస్తకములు

వీలునామా వ్రాయువాడు చరిత్రకారుని కొఱకు వ్రాయడు. తన యింటివారి కొఱకు వ్రాయును. ఎఱ్ఱయట్ట పుస్తకము పెద్దకుమార్తెకు చెందవలెనని వ్రాసిన చాలును, అది యేదో ఇంటిల్లిపాదికిని తెలియును. ఐదువందల యేండ్ల పిమ్మట చదువువానికి మాత్రము అది చిక్కుముడి. ఇంగ్లండునందు 1384 మొదలు 1858 వఱకు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు న్యాయస్థానమున నమోదైన వీలునామాలు నేడు లండనులోని క్యూ అను చోట, జాతీయ పత్ర భాండారమునందు ఉన్నవి. వానిలో పుస్తకము కనబడినప్పుడెల్ల రెండు ప్రశ్నలు పుట్టును. ఆ గ్రంథ మేది? ఆ ప్రతి యేది?

మొదటి ప్రశ్నకు పేరు తోడ్పడును. ఒక్కొక్కప్పుడు పేరే మోసము చేయును. ప్రైమరనగా మనకు బాలుర వాచకము. ఆనాటి వీలునామాలలో తల్లులు కుమార్తెలకు విడిచిన ప్రైమరు గృహస్థుల ప్రార్థనపుస్తకము.

రెండవ ప్రశ్న మఱింత కఠినము. ఛాసరు కవి 1400లో మరణించెను. ఆయన రచించిన కాంటర్‌బరీ కథలను జాన్ బ్రించెలే యను లండను వాసి 1420 నాటి తన వీలునామాలో పేర్కొనెను. కవి పోయిన యిరువదియేండ్లకే ఆ కావ్యము నగరవాసుల యింటికి చేరినదనుటకు ఆ యొక్క పంక్తియే సాక్ష్యము. అయితే ఆ కావ్యమునకు, తునుకలతో చేర్చి, 80కి పైగా వ్రాతప్రతులు నేటికిని మిగిలియున్నవి. వానిలో అతని ప్రతి యున్నదో లేదో పేరు మాత్రమే చెప్పజాలదు.

దీనికి ఆనాటివారే యొక యుపాయము కనిపెట్టిరి. పుస్తకపు రెండవయాకు ఏ మాటతో మొదలగునో ఆ మాటను కొన్ని వీలునామాలలోను, కళాశాలల పట్టికలలోను వ్రాసియుంచిరి. మొదటియాకు అన్ని ప్రతులలోను ఒక్కతీరుననే మొదలగును. రెండవయాకు మొదటిమాట లేఖకుని దస్తూరిని బట్టియు, ఆకు కొలతను బట్టియు మాఱుచుండును. పొలము దస్తావేజులో చెక్కుబందీ యెట్టిదో, పుస్తకమునకు ఈ గుర్తు అట్టిది. అచ్చు వచ్చిన పిదప ఇది పనికిరాదాయెను. ఒకే ముద్రణలోని ప్రతులన్నిటికిని రెండవయాకు ఒక్కటే గదా!

1616లో మరణించిన షేక్స్పియరు వీలునామాలో ఒక్క పుస్తకము ప్రసక్తియు లేదు. అందుచేత ఆయన యింట పుస్తకములే లేవని కొందఱు వాదించిరి. అది యుక్తము కాదు. విడిగా పేర్కొనని యాస్తి యంతయు పెద్దకుమార్తె సుసానాకును, ఆమె భర్తకును చెందెను. పుస్తకము లుండినచో అందులోనే చేరియుండును. వీలునామాలో నున్న మాట సాక్ష్యమగును. లేని మాటను బట్టి తీర్పు చెప్పరాదు.