ఆ పన్నెండు నిమిషాలు

2022 ఆగస్టు 7, ఆదివారం. మీరు శ్రీహరికోట మిషన్ కంట్రోల్ సెంటర్‌లో కూర్చుని ఉన్నారు. ఉదయం తొమ్మిదీ పదిహేడు. ఇంకొక్క నిమిషం.

మొదటి లాంచ్ ప్యాడ్ మీద నిలబడ్డది మీకు అలవాటైన పీఎస్ఎల్‌వీ రాకెట్ కాదు. దాని పక్కన పెడితే చిన్నపిల్లలా కనిపించే ఎస్ఎస్ఎల్‌వీ. 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు. ఎగరడం ఇదే మొదటిసారి. తలభాగంలో రెండు ఉపగ్రహాలున్నాయి. ఒకటి భూమిని ఫొటోలు తీసే ఈఓఎస్-02. రెండోది ఆజాదీశాట్, బరువు ఎనిమిది కిలోలే.

ఆ ఎనిమిది కిలోల్లో ఏముందో మీకు తెలుసు. దేశమంతటా 75 ప్రభుత్వ పాఠశాలల్లో 750 మంది అమ్మాయిలు చేసిన 75 పరికరాలు. ఒక్కోటి సుమారు 50 గ్రాములు. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. వాటిని చేసినవాళ్లలో కొందరు ఇప్పుడు గ్యాలరీలో కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నారు.

తొమ్మిదీ పద్దెనిమిది. ముందు వెలుగు. కాసేపటికి చప్పుడు. గుండెల్లో అదురు.

మొదటి దశ మండి విడిపోతుంది. హాల్లో చప్పట్లు. తెర మీద రెండు గీతలు: రాకెట్ వెళ్లాల్సిన దారి, వెళ్తున్న దారి. ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. రెండో దశ విడిపోతుంది. మూడోది అంటుకుంటుంది. మూడింటిలోనూ ఘన ఇంధనమే, ఒకసారి వెలిగిస్తే మధ్యలో ఆపలేం. అందుకే పైన ద్రవ ఇంధనంతో చిన్న విభాగం ఒకటి పెట్టారు. తగ్గిన వేగాన్ని చివర్లో అదే సర్దాలి.

అది వెలగాలి. చూస్తున్నారు. తెర మీదికి డేటా రావట్లేదు. పక్కవాళ్ల వైపు చూస్తారు. వాళ్లకూ లేదు. మీ చేతి కింద మీట ఏదీ లేదు. నిర్ణయం రాకెట్‌లోని కంప్యూటర్‌దే. అది తీసేసుకుంది కూడా.

ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ మైకు ముందుకొస్తారు. దశలన్నీ అనుకున్నట్టే పనిచేశాయని, చివర్లో కొంత డేటా అందలేదని చెబుతారు. ఈసారి చప్పట్లు లేవు.

మధ్యాహ్నానికి లెక్క తేలుతుంది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాల్సిన ఉపగ్రహాలు ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్లకు దిగే దారిలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంటుంది. పలుచటి గాలే. ఆ వేగానికి అది చాలు. రెండూ పోయాయి.

ఎందుకిలా? రెండో దశ విడిపోయినప్పుడు ఓ కుదుపు వచ్చింది. త్వరణాన్ని కొలిచే సెన్సర్లు ఆ అదురుకు తట్టుకోలేకపోయాయి, మరుక్షణమే తేరుకున్నాయి. ఆలోపే సాఫ్ట్‌వేర్ వాటిని పాడైనవాటి కింద జమకట్టి, రాకెట్‌ను అత్యవసర పద్ధతికి మార్చేసింది. చివరికి తగ్గిన వేగం సెకనుకు 56 మీటర్లు.

ఇప్పుడు తేల్చాల్సింది మీరు. సెన్సర్లను తప్పుపట్టే ముందు ఇంకాస్త ఆగమని సాఫ్ట్‌వేర్‌కు నేర్పితే పని త్వరగా అవుతుంది. కానీ కుదుపు అలాగే ఉంటుంది. దశను విడదీసే ఏర్పాటునే మారిస్తే మళ్లీ పరీక్షలు, మళ్లీ ఖర్చు. చవక మిషన్‌లో కోత పెట్టకూడని చోటు ఇదే. ఉపగ్రహం బరువు తగ్గించుకోవచ్చు, పరికరాలు తగ్గించుకోవచ్చు, పరీక్షలను మాత్రం తగ్గించకూడదు. మీరు రెండూ మారుస్తారు. సెన్సర్లుండే భాగం నిర్మాణాన్నీ మారుస్తారు.

2023 ఫిబ్రవరి 10. మళ్లీ తొమ్మిదీ పద్దెనిమిది. మొదటి దశ. రెండో దశ మండుతోంది. విడిపోవాలి. విడిపోయింది. గీత కదులుతోంది. మూడో దశ. ఊపిరి బిగబట్టారు. చివరి విభాగం వెలిగింది! పదిహేను నిమిషాల్లో, 450 కిలోమీటర్ల ఎత్తున ఈఓఎస్-07 విడిపోతుంది. తర్వాత జానస్-1, ఆజాదీశాట్-2. అమ్మాయిల పరికరాలు ఈసారి కక్ష్యకు చేరాయి.

ఓడిపోయిన ఆరు నెలలకే ఇది. పెద్ద ఉపగ్రహం పోతే ఇంకోటి తయారుకావడానికే ఏళ్లు పడుతుంది. చిన్న మిషన్ల మీద నాకు గురి కుదిరింది ఈ ఆరు నెలలు చూశాకే.

2024 ఆగస్టు 16న ఇదే రకం రాకెట్ మోసుకెళ్లిన ఈఓఎస్-08 బరువు 175.5 కిలోలు. అందులోని పరికరం ఒకటి తానుగా ఏ సిగ్నలూ పంపదు. దారి చూపే ఉపగ్రహాల సిగ్నళ్లు సముద్రం మీద పడి తిరిగొస్తే వాటిని పట్టుకుంటుంది. గాలికి అలలు రేగినకొద్దీ ఆ సిగ్నల్ చెదురుతుంది. ఆ చెదురు నుంచి గాలి వేగం లెక్కకడతారు. నేలలో తడి, వరద నీరు కూడా ఇలాగే పసిగట్టవచ్చు. ఏటా తుఫాను కబురు కోసం ఎదురుచూసే మన తీరానికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

తర్వాతి ప్రయోగం తేదీ రాగానే శ్రీహరికోట గ్యాలరీకి పేరు నమోదు చేసుకోండి. హైస్కూలు పిల్లల్నీ వెంటబెట్టుకెళ్లండి. 50 గ్రాముల పరికరం చేయడానికి వాళ్ల వయసు సరిపోతుంది.