వృత్తినటులను చూచిన ఔత్సాహికులు

పగలు తమ పని చేసికొని, రాత్రి ముఖమునకు రంగు వేసికొను నటులు తెలుగు దేశమున పలు ప్రాంతములలో కలరు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, రైతు, ఫ్యాక్టరీ కార్మికుడు - వీరికి నాటకము బ్రతుకుతెరువు కాదు, మక్కువ. వీరికి నటన నేర్పు బడులు చిరకాలము లేకపోయెను. ఊరికి వచ్చిన వృత్తినటుల ప్రదర్శనములే వీరికి బడి. అట్టి ప్రదర్శనములలో ఔత్సాహికులు దేనిని చూచి నేర్చిరి, కన్నుల ఎదుటనున్నను దేనిని చూడక విడిచిరి అనునది తెలిసికొనదగిన విషయము.

1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి హిందీ నాటకములు ఆడిరి. చూచినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఒకరు. ఆ సమాజమువారు వెడలిపోయిన పిదప, వారు వేసిన పాకలోనే పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకము ఆడించిరి. షేక్స్పియరు వ్రాసిన ఒక హాస్యనాటకమును అనుసరించి వారు రచించిన 'చమత్కార రత్నావళి' ఆ కాలపుదే. భాష వేరైనను, వృత్తివారి ఆట చూచినంతనే 'మన భాషలో మనమేల ఆడరాదు?' అను ప్రశ్న పుట్టెను. ఔత్సాహికుడు వృత్తినటుని నుండి పొందు మొదటి లాభము ఈ ధైర్యమే.

పదునొకండు సంవత్సరముల తరువాత ఇట్టి సంఘటనయే చెన్నపట్టణమున జరిగెను. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు నడపిన సరసవినోదినీ సభవారు 1891లో అచటికి పోయి తెలుగు నాటకములు ఆడిరి. అంతవరకు తమిళ నాటకములనిన ఏవగించుకొను పమ్మల్ సంబంధ మొదలియారు అను యువకుడు వానిని చూచెను. చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు వేషము కట్టుట సిగ్గుపడవలసిన పని కాదని అతనికి తోచెను. ఆ సంవత్సరముననే మిత్రులతో కలసి సుగుణ విలాస సభను స్థాపించెను. ఇచట చూచినవాడును, చూడబడినవారును ఔత్సాహికులే. ఒక దీపము నుండి మరియొక దీపము వెలిగినట్లు ఈ కళ ప్రాంతము నుండి ప్రాంతమునకు వ్యాపించెను.

ఐనను ఈ ఔత్సాహిక సమాజములలో ఒక లోటు ఉండెను. రంగస్థలము మీద స్త్రీలు లేరు. పంతులుగారి నటులు బాలురు; సుగుణ విలాస సభలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించిరి. స్థానము నరసింహారావుగారు స్త్రీ వేషములతోనే దేశవిఖ్యాతి గడించి 1956లో పద్మశ్రీ పొందిరి. వారి ప్రతిభ నిరుపమానము. కాని అంతటి ప్రతిభ పురుషునియందు వెదకవలసి వచ్చుటకు, స్త్రీ రంగమెక్కుట తప్పని సంఘము తలచుటయే కారణము. వృత్తిచే వకీలైన బళ్ళారి రాఘవగారు (1880-1946) ఈ అభిప్రాయముతో పోరాడిరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టి, విద్యావతులను రంగస్థలమునకు తీసికొని వచ్చిరి.

వృత్తినటుల యందు ఈ కార్యము మునుపే నెరవేరియుండెను. తోలుబొమ్మలాటలో స్త్రీ పాత్రలకు ఆ కుటుంబముల స్త్రీలే గొంతునిచ్చెడివారు. అట్టి బొమ్మలాట కుటుంబమువారే 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి నాయకత్వమున 'కీచకవధ' ఆడి సురభి సమాజములకు మూలపురుషులైరి. తల్లి, కుమార్తె, కోడలు అందరును నటులే. సురభివారి మాయాబజారు చూచినవారు రంగుల తెరలకును, తీగెలపై ఎగురు వేషములకును అచ్చెరువందిరి. పసితనము నుండి రంగము మీదనే పెరిగిన ఆ స్త్రీల నిబ్బరమును గమనించినవారు ఎందరో చెప్పజాలము.

ఇక నిజామాబాదు జిల్లాకు వత్తము. 1931లో నిజాంసాగరు పూర్తియయ్యెను. 1930వ దశకము చివర బోధను దగ్గర శక్కర్‌నగరులో చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. చెరకు పొలముల కొరకు, ఫ్యాక్టరీ కొలువుల కొరకు పలు ప్రాంతముల నుండి జనము వచ్చి చేరెను. ఇంతకు మునుపే, ఆ చెరకు పొలముల నడుమ పల్లెలలో చిందు భాగవతులు ఊరూర తిరిగి ఆడుచుండిరి. ఇది తరతరముల వృత్తి. మాదిగవాడలలో జాంబపురాణము వినిపించుట వీరి హక్కు. ఊరివారందరి కొరకు చెంచులక్ష్మి, సారంగధర, బాలనాగమ్మ వంటి ఆటలు ఆడుదురు. తేలికయైన కొయ్యతో చేసిన కిరీటము, భుజకీర్తులు ధరించి, మద్దెల తాళములకు అనుగుణముగా చిందువేయుచు పాత్ర ప్రవేశించును. స్త్రీ వేషములు స్త్రీలే కట్టుదురు.

బోధను మండలములోని అమ్దాపూరు గ్రామమునకు చెందిన చిందుల ఎల్లమ్మగారు ఈ కళలో అగ్రగణ్యురాలు. బాల్యముననే గజ్జె కట్టి వార్ధక్యము వరకు ఆడిరి. రాష్ట్ర ప్రభుత్వము హంస పురస్కారముతో గౌరవించెను. 2005లో పరమపదించిరి. రాఘవగారు పట్టణములలో ఏ సంస్కారము కొరకు వాదించిరో, అది ఎల్లమ్మగారి ఇంట దినచర్య. కాని తెలుగు నాటక చరిత్రను 1880తో ఆరంభించుట ఆచారమైపోయినది. వాడకట్టు నడుమ జరుగు ఆటను 'వేషగాండ్ర ఆట' అనిరే గాని నాటకమనలేదు. తెర కట్టిన చోటనే నాటకమున్నదను భ్రమ ఒకటి. ఆడువారి కులమును బట్టి ఆటను తూచు దురభ్యాసము రెండవది. ఈ రెండును ఔత్సాహికుని కన్నులను కప్పినవి.

కన్ను తెరచి చూచినచో ఫలమెట్టిదో ప్రజానాట్యమండలి చరిత్ర తెలుపుచున్నది. 1943లో ఏర్పడిన ఆ సంస్థలోని యువకులు జంగము కథకుల పద్ధతిని గ్రహించి బుర్రకథకు క్రొత్త ప్రాణము పోసిరి. నాజరుగారి (1920-1997) గళమున అది వేలాది జనమును కదిలించెను. ఆ మండలి నటులైన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు పిమ్మట తెలుగువారి జానపద కళారూపములను గూర్చి బృహద్గ్రంథమే వ్రాసిరి.

చిందు ఆటను చూచు ఔత్సాహికుడు నేర్చికొనదగినవి పెక్కులు. తెర వెనుక పాఠము అందించువాడు లేకయే రాత్రి పొడవునను కథ నడపుట. జనము నిద్రకు జోగినచో హాస్యముతో లేపుట. మైకు లేకయే చివరి వరుసకు మాట వినిపించుట. ఒకే రాత్రి పలు పాత్రలలోనికి పరకాయ ప్రవేశము చేయుట. ఇవి పుస్తకములలో దొరకవు.

శక్కర్‌నగరు ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడెను. యంత్రము ఆగినను, దాని లెక్కలు కాగితములపై మిగులును. చిందు కళకు కాగితము లేదు. ఆడువారి కంఠమే దాని గ్రంథము. ఒక్కొక్క వృద్ధ కళాకారుడు కన్నుమూసినప్పుడు ఒక్కొక్క బీరువా తగులబడినట్లే. కావున గ్రంథాలయములు పుస్తకములను కాపాడుటతోపాటు ఈ కంఠములను వినుట, విన్నదానిని వ్రాసి ఉంచుట కూడ తమ ధర్మముగా భావింపవలెను. ఊరి నటులు దూరపు నాటకములను తప్పక చూడవలెను. దానికి ముందు తమ ఊరి నడుమ చిందువేసిన వారి ఎదుట కూర్చుండి, ఒక రాత్రి మేలుకొనవలెను.