కారు ఒరుగుదలను ఆపు ఉక్కు కడ్డీ

నిండుగా జనమున్న బస్సు వేగముగా మలుపు తిరిగినప్పుడు నిలబడియున్న ప్రయాణికులు బయటి ప్రక్కకు తూలుదురు. బస్సు కూడ వారితోపాటు అటే ఒరుగును. మలుపునకు బయటి ప్రక్కనున్న స్ప్రింగులు అణగును. లోపలి ప్రక్కవి సాగును. ఎత్తుగా గడ్డి వేసిన ఎడ్లబండి మలుపులో ఎట్లు ఒరుగునో చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బండి మెల్లగా పోవును గనుక తోలువాడు దిగి చేయి ఆనించి నిలుపుకొనగలడు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు కారులో ఆ అవకాశము లేదు.

ఈ ఒరుగుదలను తగ్గించుటకు వాడు సాధనము చూచుటకు చాల సామాన్యముగా ఉండును. కారు అడుగున పడుకొని పైకి చూచినచో ఒక ఉక్కు కడ్డీ ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు అడ్డముగా పోవుచు కనుపించును. దాని రెండు చివరలును ఒకే దిక్కునకు వంచబడి, మొత్తము మీద తలుపు పిడివలె ఉండును. మధ్యభాగము రబ్బరు బుష్షులలో కారు చట్రమునకు బిగింపబడును. చివరలు రెండును చెరియొక చక్రపు భుజమునకు తగిలింపబడును. దీనిని ఇంజనీర్లు యాంటీ-రోల్ బార్ అందురు. అమెరికాలో స్వే బార్ అను పేరు వాడుక. మన వర్కుషాపులలో స్టెబిలైజర్ రాడ్డు అన్నచో తెలియును.

ఇది పని చేయు తీరు తడిగుడ్డ పిండుటను పోలియున్నది. రెండు చక్రములును ఒకేసారి గతుకెక్కి పైకి లేచినచో కడ్డీ రెండు చివరలును కలిసి లేచును. కడ్డీ బుష్షులలో తిరుగునే గాని దానికేమియు బాధ లేదు. ఒక చక్రము పైకిపోయి రెండవది క్రిందికి దిగినచో చివరలు ఎదురెదురు దిక్కులకు కదలును. అప్పుడు కడ్డీ మెలిపడును. మెలిపడిన ఉక్కు తిరిగి తన స్థితికి రాజూచును గనుక ఆ బలము ఒరుగుదలను ఎదిరించును. అనగా ఇది మామూలు గతుకులలో నిద్రించి, మలుపులో మాత్రము మేల్కొను స్ప్రింగు.

ఇట్టి కడ్డీకి తొలి పేటెంటు 1919 ఏప్రిల్ 22న కెనడా దేశపు న్యూబ్రన్స్విక్ రాష్ట్రములోని ఫ్రెడెరిక్టన్ వాసి స్టీఫెన్ కోల్మన్‌కు లభించెను. కాని దానిని వెంటనే కార్లకు అమర్చువారు అరుదు. ఆనాటి కార్లకు గుర్రపుబండ్ల నుండి వచ్చిన గట్టి కమాను కట్టలే ఉండెడివి. కమాను ఎంత గట్టిదైన ఒరుగుదల అంత తక్కువ. ప్రయాణికుల నడుములు విరుగుట వేరు సంగతి. కొంత ఒరుగుట కారునకు సహజమని జనులును ఊరకుండిరి.

మెత్తని ప్రయాణము కోరినప్పుడే కడ్డీ అవసరము పడినది. రోల్స్-రాయిస్ సంస్థలో పని చేసిన ఇంగ్లీషు ఇంజనీరు మారిస్ ఓలీ 1930లో జనరల్ మోటార్స్‌వారి కాడిలాక్ విభాగములో చేరెను. ముందు స్ప్రింగులు వెనుకవాటికంటె మెత్తగా ఉన్నచో కారు ముందు వెనుకలకు ఊగులాడదని ఆయన ప్రయోగములతో చూపెను. ఇందుకై బరువులను అటునిటు జరుపగల ఒక ప్రత్యేకమైన కారునే కట్టించెను. అటువంటి మెత్తని స్ప్రింగులను నిండు ఇరుసుతో వాడినచో ముందు చక్రములు వణుకుచుండును. అందువలన చక్రములను విడివిడిగా వ్రేలాడదీసిన ముందు సస్పెన్షను 1934 నాటి ఆ సంస్థ కార్లలో ప్రవేశించెను. దానితో కారు పరుపువలె సాగినది గాని మలుపులో పడవవలె ఒరుగసాగినది. ఒక సుఖము ఇంకొక చిక్కును తెచ్చుట యంత్రశాస్త్రములో కొత్త కాదు. మరచిపోయిన కడ్డీకి అప్పుడు పని దొరికెను. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత, 1950 దశాబ్దమునుండి, అది సామాన్యపు కార్లకు కూడ విరివిగా వచ్చెను.

ఇక్కడ చాలమంది పొరబడు విషయమొకటి కలదు. కడ్డీ ఒరుగుదలను తగ్గించును గనుక బయటి చక్రములపై పడు అధిక భారమును కూడ తగ్గించునని అనుకొందురు. అది నిజము కాదు. 1000 కిలోల కారు గురుత్వ కేంద్రము నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనియు, కుడి ఎడమ చక్రముల మధ్య దూరము 140 సెంటీమీటర్లనియు, మలుపులో ప్రక్కకు కలుగు త్వరణము గురుత్వ త్వరణములో సగమనియు అనుకొందము. 1000ని సగముతో గుణించి, ఎత్తుతో గుణించి, వెడల్పుతో భాగించినచో సుమారు 180 కిలోల భారము లోపలి చక్రములనుండి బయటి చక్రములకు మారునని తేలును. ఈ లెక్కలో స్ప్రింగు లేదు, కడ్డీ లేదు. కడ్డీ చేయగలిగినదెల్ల ఆ 180 కిలోలలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అని పంచుట. ఏ ఇరుసు కడ్డీ గట్టిదో ఆ ఇరుసే ఎక్కువ వాటా మోయును.

పంపకములో ఏమున్నదని అడుగవచ్చును. టైరు స్వభావములోనే ఉన్నది. భారము రెట్టింపైనచో టైరు పట్టు రెట్టింపు కాదు. కొంత తగ్గియే ఉండును. ఊహకు ఒక టైరు 250 కిలోల భారము క్రింద 230 కిలోల ప్రక్కబలమునకు ఆగుననుకొందము. ఇట్టి రెండు టైర్ల ఇరుసు 460 కిలోలకు ఆగును. 180 కిలోలను ముందు వెనుకలు సమముగా పంచుకొన్నచో ఒక్కొక్క ఇరుసున బయటి టైరుపై 340, లోపలి టైరుపై 160 కిలోలు పడును. వాటి పట్టు వరుసగా 295, 155 అనుకొన్న మొత్తము 450 అగును. అంతయు వెనుక ఇరుసే మోసినచో 430, 70 అగును. పట్టు 350, 72, మొత్తము 422. ముందు ఇరుసు మాత్రము 460తో నిలిచియుండును. కనుక వెనుక చక్రములు ముందుగా జారును. వెనుక జారిన కారు బొంగరమువలె తిరుగును. దానిని మామూలు డ్రైవరు సరిదిద్దుట కష్టము. ముందు చక్రములు జారినచో కారు మలుపునకు బయటికి మాత్రము పోవును. డ్రైవరు భయపడి కాలు తీసి స్టీరింగు మరికొంత త్రిప్పును, చాల సందర్భములలో ఆ భయమే అతనిని కాపాడును. అందువలన ప్రజలకమ్ము కారులో ముందు భాగమే మొదట జారునట్లు ఏర్పాటు చేయుదురు. కారు ముందువైపు కడ్డీ తగిలించుటకు కారణమిదే.

ఈ కడ్డీని వదలివేసినందువలన పెద్ద వివాదమునకు గురియైన కారు షెవ్రొలె కోర్వేర్. 1959 అక్టోబరు 2న అమెరికాలో విడుదలైనది. అల్యూమినియముతో చేసి, గాలితో చల్లబరచు ఆరు సిలిండర్ల ఇంజను దాని వెనుక భాగములో ఉండెను. అమెరికా కార్లలో అది వింత. పత్రికలు దానిని మెచ్చుకొనెను. కాని మొత్తము బరువులో 60 శాతమునకు పైగా వెనుక చక్రములపై పడెను. వెనుక ఇరుసు స్వింగ్ ఆక్సిల్ అను రకము: ప్రతి చక్రమును తన ఇరుసు ముక్కతో గేరు పెట్టె ప్రక్కనున్న కీలు చుట్టు ఊగును. మలుపులో గట్టిగా త్రిప్పినచో కారు వెనుక భాగము పైకి లేచి, బయటి చక్రము అడుగుభాగము లోపలికి ముడుచుకొనును. ఈ అమరికలో పైన లెక్క వేసిన భారపు వాటా వెనుకనే ఎక్కువగా పడును.

ముందు కడ్డీ ఉన్నచో ఆ వాటాలో కొంత ముందుకు మళ్ళియుండెడిది. 1960 నాటి కోర్వేర్‌లో అది లేదు. దానికి బదులుగా ముందు టైర్లలో చదరపు అంగుళమునకు 15 పౌండ్లు, వెనుక టైర్లలో 26 పౌండ్లు గాలి ఉంచవలెనని యజమానులకు సంస్థ చెప్పెను. మెత్తని ముందు టైరు సులభముగా జారిపోవును గనుక ఈ ఉపాయము శాస్త్రరీత్యా తప్పు కాదు. కాని పెట్రోలు బంకులో గాలి పట్టు కుర్రవాడు ఈ శాస్త్రమును చదువడు. నాలుగు టైర్లను సమానముగా నింపును. కారు భద్రతను అతని జ్ఞాపకశక్తికి వదలుటయే ఇందలి అసలు లోపము.

1962లో గట్టి స్ప్రింగులు, ముందు కడ్డీ, వెనుక ఇరుసు అతిగా దిగకుండ ఆపు పట్టీలు కలిపి, అదనపు ధరకు ఇచ్చు ఏర్పాటు వచ్చెను. తెలిసినవారు కొనిరి; తెలియనివారు పాత కారునే నడపిరి. ఎంపి అను కాలిఫోర్నియా సంస్థ ఇరుసు క్రింద బిగించు కమానును విడిగా అమ్మెను. ఇదే రకపు వెనుక ఇరుసుగల జర్మను వోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు 1960 మాడలునుండే ముందు కడ్డీ ఉన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకొనదగినది. కోర్వేర్‌కు అది అందరికిని అమరినది 1964 మాడలులో; వెనుక అడ్డ కమానును కూడ చేర్చిరి. 1965లో వెనుక సస్పెన్షనునే పూర్తిగా మార్చిరి. ఈ కడ్డీకై సంస్థలోపల పెద్ద పోరాటమే జరిగినదనియు, కారుకు 15 డాలర్ల ఖర్చని పై అధికారులు మొదట త్రోసిపుచ్చిరనియు ఆ సంస్థలో ఉన్నతోద్యోగియైన జాన్ డెలోరియన్ జ్ఞాపకములు 1979లో అచ్చైన పుస్తకములో చెప్పుచున్నవి. సంస్థను విడిచిపోయినవాని మాట అది. చదువరులు ఆ సంగతి మనసులో ఉంచుకొనవలెను.

మన దేశమునకు కూడ స్వింగ్ ఆక్సిల్ కొత్త కాదు. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు వెనుక ఇరుసు ఆ జాతిదే. తరువాత వచ్చిన గజెల్‌లో దానిని విడిచి నిండు ఇరుసు పెట్టిరి.

1965 నవంబరులో రాల్ఫ్ నేడర్ అను యువ న్యాయవాది 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అను గ్రంథమును ప్రకటించెను. దాని మొదటి అధ్యాయము కోర్వేర్‌ను గూర్చినది. అప్పటికే ఆ కారు ప్రమాదములపై వందకు పైగా దావాలు కోర్టులలో ఉండెను. నేడర్ వాదము ఇంజనీర్లకు కొత్త కాదు. కాని సామాన్యులకది కొత్త. ప్రమాదమనిన డ్రైవరు తప్పిదమే అని అంతవరకు అనుకొన్నవారు, గీతబల్లపై గీసిన గీతలో కూడ తప్పు ఉండవచ్చునని మొదటిసారి విన్నారు. సంస్థ నేడర్ వెనుక గూఢచారులను పంపినట్లు బయటపడి, అధ్యక్షుడు జేమ్స్ రోచ్ 1966 మార్చి 22న సెనేటు ఉపసంఘము ఎదుట క్షమాపణ చెప్పవలసి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 9న అమెరికాలో వాహన భద్రతా చట్టము వచ్చెను. కోర్వేర్ తయారీ 1969 మే నెలలో ఆగిపోయెను.

కథ అక్కడితో ముగియలేదు. అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థ 1963 నాటి కోర్వేర్‌ను ఫాల్కన్, వేలియంట్, బీటిల్, డాఫీన్ కార్లతో పోల్చి పరీక్షింపజేసెను. అది అసాధారణముగా అదుపు తప్పునది కాదనియు, తన కాలపు కొన్ని కార్లకు తీసిపోదనియు 1972 నివేదిక తేల్చెను. నేడర్ దానిని అంగీకరింపలేదు. ఈ రెండు మాటలకును పొత్తు లేదని అనుకొనవలసిన పనిలేదు. సమకాలపు కార్లలో కొన్ని అంతే చెడ్డవి కావచ్చును. కడ్డీ ఉన్న కోర్వేర్ కడ్డీ లేని దానికంటె మేలనుటయు నిజమే.

పందెపు కార్లవారు కడ్డీని భద్రతకు గాక తూకమునకు వాడిరి. 1968లో అమెరికా ట్రాన్స్-ఆమ్ పందెములు 13 జరుగగా 10 గెలిచిన మార్క్ డోనహ్యూ ఇంజనీరింగు చదివినవాడు. కారును పెద్ద వలయములో త్రిప్పుచు, ముందు వెనుక కడ్డీలను మార్చి, ఏ జత వేగము పెంచునో కొలిచెడివాడు. ఆనాటినుండి తమ కార్లకు లావు కడ్డీలు వేసికొను ఔత్సాహికులు అన్ని దేశములలోను పెరిగిరి. వారు తరచు మరచునది ఒక గణిత సత్యము: కడ్డీ గట్టిదనము దాని వ్యాసపు నాలుగవ ఘాతముతో పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24 మిల్లీమీటర్లది వేసిన లావు అయిదవ వంతే పెరిగినను గట్టిదనము రెట్టింపగును. ఈ సూత్రమే ఇంకొక మేలు చేయును. కడ్డీ లోపలినుండి సగము వ్యాసమువరకు తొలచి గొట్టముగా చేసినచో బరువు నాలుగవ వంతు తగ్గును, గట్టిదనము పదునారవ వంతు మాత్రమే తగ్గును. మెలిని మోయునది పైపొరలే గదా.

వెనుక కడ్డీ ఒక్కటే లావు చేసినవాడు తెలియకయే కోర్వేర్ జబ్బును తన కారుకు తెచ్చుకొనును. ముందుది మరీ లావైనచో కారు మలుపు తిరుగనని మొరాయించును. రెండును లావైనచో ఒక చక్రము గుంటలో పడినప్పుడు రెండవ చక్రమునకు కూడ ఆ కుదుపు చేరును. మలుపులో లోపలి చక్రము నేల విడిచి లేచుటయు కలదు. కొలిచి మార్చినవారికే లాభము.

1997 అక్టోబరులో స్వీడను దేశపు పత్రిక ఒకటి, దారికి అడ్డము వచ్చిన దుప్పిని తప్పించు రీతిని పరీక్షించగా, కొత్త మెర్సిడిస్ ఏ-క్లాస్ బోల్తాపడెను. సంస్థ తయారీని కొన్ని వారములు నిలిపి, సస్పెన్షను సవరించి, చక్రముల బ్రేకులను విడివిడిగా వేయు ఎలెక్ట్రానిక్ స్థిరత్వ సాధనమును ప్రతి కారులోను అమర్చెను. ఇప్పుడు కొన్ని ఖరీదైన కార్లలో కడ్డీని మధ్యకు కోసి, ఆ రెండు ముక్కల నడుమ విద్యుత్ మోటారు నుంచుచున్నారు. తిన్నని దారిలో మోటారు ముక్కలను వదులుగా ఉంచును. మలుపు రాగానే ఎదురు దిక్కుకు మెలిపెట్టును. 2007 మాడలునుండి వచ్చిన రూబికాన్ జీపులో పద్ధతి ఇంకను సులువైనది. రాళ్ళ దారిలో డ్రైవరు మీట నొక్కగనే ముందు కడ్డీ విడిపోయి, ఒక చక్రము బండపైకి ఎక్కినను రెండవది గుంటలో నేలను పట్టుకొని ఉండును. వేగము పెరిగినచో కడ్డీ తిరిగి తానే కలియును.